కాలిపర్లకు క్యాండీ రెడ్: ఇంటి ఓవెన్‌తో పౌడర్ కోటింగ్

పౌడర్ కోటింగ్ అంటే పొడి రంగుకు గన్నుతో విద్యుత్ చార్జి ఎక్కించి లోహానికి అంటించి, ఓవెన్‌లో కరిగించి గట్టిపరచడం. కారు బ్రేక్ కాలిపర్లకు, అంటే డిస్కును ప్యాడ్లతో నొక్కి పట్టే భాగాలకు, దాన్ని ఇంట్లోనే ఎలా వేయాలో చూద్దాం. డబ్బా పెయింటు అలవాటున్నవాళ్లు పౌడర్ చేతికి రాగానే రెండు రంగుల పొడులు కలిపి మూడో రంగు చేయబోతారు. అది కుదరదు. ఎర్రపొడిలో తెల్లపొడి కలిపితే గులాబీ రంగు రాదు, కారంలో ఉప్పు కలిపినట్టు చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఫ్యాక్టరీలో రెజిన్ (పొరగా మారే ప్లాస్టిక్), పిగ్మెంట్ (రంగు), హార్డెనర్ (గట్టిపరిచే పదార్థం) అన్నీ కలిపి కరిగించి, చల్లార్చి, పొడి కొడతారు. రంగు ఒక్కో రేణువు లోపలే బిగుసుకుపోయి ఉంటుంది. ఓవెన్‌లో కరిగినప్పుడు పక్క రేణువుకు అతుక్కుంటుంది, అంతే. రంగులు మాత్రం ఒకదాంట్లో ఒకటి కలవవు.

అందుకని మనకు నచ్చిన రంగుకు దారులు రెండే. ఒకటి, ఆర్‌ఏఎల్ కార్డు (రంగులకు నంబర్లిచ్చే పట్టిక) చూసి రెడీమేడ్ పొడి కొనుక్కోవడం. 1927లో జర్మనీలో 40 రంగులతో మొదలైన కార్డు ఇది. ఇప్పుడు బాలానగర్, జీడిమెట్ల జాబ్‌వర్క్ షాపుల్లో కూడా ఆ నంబర్లే నడుస్తాయి. 9005 జెట్ బ్లాక్, 3020 ట్రాఫిక్ రెడ్, 7016 ఆంత్రసైట్ గ్రే. "కొంచెం ముదురు ఎరుపు" అంటే దుకాణంలో అరగంట చర్చ, నంబరు చెబితే ఒక్క నిమిషం పని. రెండో దారి పొరలు వేయడం. కింద మెరిసే సిల్వర్, దాని మీద పారదర్శకంగా ఉండే రంగు పొడి. దీన్నే క్యాండీ అంటారు. వెలుతురు పై పొర దాటి కింది సిల్వర్‌కు తగిలి వెనక్కి వస్తుంది కాబట్టి రంగుకు లోతు కనిపిస్తుంది. ఫ్లోరోసెంట్ రంగులకు కింద తెలుపు ఉండాలి, లేకపోతే వెలవెలబోతాయి. అవి ఎండకు త్వరగా వెలిసిపోతాయి కూడా, బయటికి కనిపించే భాగాలకు నేనైతే వాడమనను.

ఇంట్లో చేయడానికి బాగా పనికొచ్చేది ముందు చక్రాల బ్రేక్ కాలిపర్ల జత. మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములే కాబట్టి రెండు కాలిపర్లు, రెండు బ్రాకెట్లు చేస్తే పని ముగిసినట్టే. అల్యూమినియం ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత), బ్యాటరీ క్లాంపు, చిన్న బ్రాకెట్లు కూడా చేసుకోవచ్చు. కొత్త ఇంజన్లలో చాలావాటికి ట్యాపెట్ కవర్ ప్లాస్టిక్‌దే ఉంటుంది, విప్పే ముందే చూసుకోండి. షాక్ అబ్జార్బర్లను మాత్రం ఏ పరిస్థితుల్లోనూ ఓవెన్‌లో పెట్టకూడదు. లోపల గ్యాస్, ఆయిల్ బిగించి ఉంటాయి, వేడికి పేలతాయి. సీలు చేసిన ఏ భాగానికైనా ఇదే మాట. రబ్బరు బుష్ ఉన్నవి, టంకం వేసినవి, పుట్టీ పెట్టినవి కూడా వద్దు. అలాయ్ వీల్స్ సంగతి వేరు. అవి మామూలు ఓవెన్‌లో పట్టవు, పైగా ఆ అల్యూమినియానికి బలం వచ్చేది హీట్ ట్రీట్‌మెంట్ వల్ల. మళ్లీమళ్లీ 200 డిగ్రీలకు కాలిస్తే ఆ బలం తగ్గుతుంది. వాటిని అనుభవమున్న షాపుకే ఇవ్వండి. ఇచ్చినా హబ్‌కు ఆనుకునే ముఖం మీద, నట్లు కూర్చునే గుంటల్లో పొడి పడనివ్వొద్దని గట్టిగా చెప్పండి. అక్కడ కోటింగ్ ఉంటే అది నలిగి, బిగించిన టార్క్ వదులవుతుంది.

ఓవెన్ ఎలక్ట్రిక్‌దే కావాలి. గ్యాస్ మంట దగ్గరికి పౌడర్‌ను తీసుకెళ్లొద్దు. గాలిలో దట్టంగా లేచిన పౌడర్ నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. 60 లీటర్ల పాత ఓటీజీ (కేకులు కాల్చే కరెంటు ఓవెన్) ఒకటి సంపాదిస్తే ఒక విడతకు ఒక కాలిపర్, దాని బ్రాకెట్ వేలాడతాయి. 2000 వాట్ల ఓవెన్‌కు 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపొద్దు. ఒకసారి పౌడర్ కాల్చిన ఓవెన్‌లో మళ్లీ తిండి వండకూడదు. అది వంటింట్లో ఉండనే ఉండకూడదు, షెడ్డులోకో గాలి ఆడే వరండాలోకో మార్చేయండి. ఓటీజీలో ఇంకో ఇబ్బంది ఉంది. ఎర్రగా కాలే రాడ్డుకు ఎదురుగా ఉన్న వైపు మాడుతుంది, అవతలి వైపు పచ్చిగా ఉంటుంది. రాడ్డుకూ భాగానికీ మధ్య పల్చని అల్యూమినియం రేకు అడ్డం పెడితే వేడి సమంగా పంచుకుంటుంది. ఫ్యాన్ ఉంటే పొడి కరిగి తడిగా మెరిసేదాకా ఆపి, తర్వాత వేయండి.

ఓవెన్ డయల్ మీద రాసిన అంకెను నమ్మొద్దు. 20, 30 డిగ్రీల తేడా మామూలే. కె-టైప్ థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) ఉన్న మల్టీమీటర్ కొనుక్కోండి, ఈ పనిలో గన్ను కన్నా అదే ముఖ్యం. డేటాషీట్‌లో "200 డిగ్రీలు, 10 నిమిషాలు" అని ఉంటే అది లోహం వేడి, ఓవెన్ గాలి వేడి కాదు. పల్చని బ్రాకెట్ త్వరగా వేడెక్కుతుంది. పోత ఇనుము కాలిపర్ 200కు చేరడానికే అరగంట పట్టొచ్చు, పది నిమిషాల లెక్క అక్కణ్నించి మొదలవుతుంది. ఓవెన్‌లో పెట్టగానే టైమర్ తిప్పేస్తే పైకి నిగనిగలాడుతుంది గానీ లోపల ఉడకదు, మొదటి రాయి తగలగానే పెచ్చు లేస్తుంది. గన్నులా పట్టుకుని చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే లోహం మీద తక్కువ చూపిస్తుంది, పొడి పడ్డాక మాత్రం నమ్మొచ్చు.

ఇంట్లో వాడే చిన్న గన్ను 15 నుంచి 25 కిలోవోల్టుల మధ్య పనిచేస్తుంది, గాలి 5 నుంచి 10 పీఎస్ఐ చాలు. కంప్రెసర్ ఎంత పెద్దదన్నది కాదు, గాలి ఎంత పొడిగా ఉందన్నది చూడాలి. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల వానాకాలంలో ట్యాంకు అడుగున నీళ్లు నిలుస్తాయి. పని మొదలుపెట్టే ముందు ట్యాంకు నీళ్లు వదిలేసి, లైనులో వాటర్ సెపరేటర్, దాని తర్వాత సిలికా జెల్ డ్రైయర్ పెట్టండి. చెమ్మ తగిలిన పొడి ఉండలు కట్టి గన్నులోంచి ముద్దలుగా ఉమ్ముతుంది. ఎండాకాలం రేకుల షెడ్డులో పొడి ఉంచితే అసలు డబ్బాలోనే గట్టిపడుతుంది. 25 డిగ్రీల లోపు ఉండే గదిలో, మూత బిగించి పెట్టండి. ఏసీ గదిలోంచి తెచ్చిన డబ్బాను బయటి వేడికి సర్దుకున్నాకే తెరవాలి, లేకపోతే గాలిలోని చెమ్మ పొడి మీదే పేరుకుంటుంది.

పొడి ఎంత కొనాలో లెక్క సులువే. 70 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొరకు, పొడి సాంద్రత 1.5 అనుకుంటే చదరపు మీటరుకు 105 గ్రాములు. రెండు కాలిపర్లు, రెండు బ్రాకెట్లు కలిపి 0.15 చదరపు మీటర్లు అనుకుంటే అంటుకునేది 16 గ్రాములే. చిన్న గన్నుతో సగానికి పైగా కిందే పడుతుంది కాబట్టి 40, 50 గ్రాములు ఖర్చవుతాయి. టెస్ట్ రేకులు, గన్ను కప్పులో మిగిలేది కలిపినా ఒక్కో రంగు పావుకిలో దండిగా సరిపోతుంది. కంపెనీ పెట్టెలు చాలావరకు 20, 25 కిలోల్లో వస్తాయి. విడిగా కిలో, అరకిలో తూచి ఇచ్చే డీలర్ దగ్గరికే వెళ్లాలి, డేటాషీట్ అడిగి మరీ తీసుకోవాలి. ఎండ తగిలే భాగానికి పాలియెస్టర్ రకం పొడి కావాలి. ఎపాక్సీ ఎండకు సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. పాలియెస్టర్‌లో హార్డెనర్ టీజీఐసీయా, హెచ్‌ఏఏయా అని కూడా చూడండి. హెచ్‌ఏఏ రకం ఉడికేటప్పుడు నీటి ఆవిరి వదులుతుంది, పొర 100 మైక్రాన్లు దాటితే సూదిపోట్లు పడతాయి. టీజీఐసీకి ఆ గొడవ తక్కువే గానీ, జన్యువులకు హాని చేసే పదార్థంగా యూరప్ దాన్ని వర్గీకరించింది. ఏదైనా సరే, గుడ్డ మాస్కు చాలదు, మొహానికి సరిగ్గా అతికే ఎన్95 కనీసం ఉండాలి.

ఇక కాలిపర్ పని. పిస్టన్‌ను కంప్రెసర్ గాలితో బయటికి తోసేటప్పుడు ఎదురుగా చెక్క ముక్క పెట్టి గాలి నెమ్మదిగా వదలండి. వేలు అడ్డం పెడితే వేలు పోతుంది. సీలు, డస్ట్ బూటు, బ్లీడర్ స్క్రూ (బ్రేకులోని గాలి వదిలే మర), గైడ్ పిన్నులు, వాటి రబ్బర్లు, అన్నీ తీసేయాలి. బోరుకు (పిస్టన్ కూర్చునే రంధ్రానికి) బిరడా బిగించి 80 నుంచి 120 గ్రిట్ అల్యూమినియం ఆక్సైడ్‌తో బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో రేణువులు కొట్టి పాత పూత తీయడం) చేయించండి. ఏటి ఇసుకతో కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. జింక్ పూత ఉన్న కాలిపర్ అయితే ఆ పూత పూర్తిగా పోయేదాకా కొట్టాలి. జింక్ మీద వేసిన పౌడర్ ఓవెన్‌లో బుడగలు లేస్తుంది. ట్యాపెట్ కవర్‌కు మాత్రం, లోపలి బాఫుల్ ప్లేటు (ఆయిల్ చిమ్మకుండా ఆపే రేకు) ఊడి రాకపోతే, బ్లాస్టింగే వద్దు. ప్లేటు వెనక ఇరుక్కున్న ఒక్క చెంచా రేణువులు ఆయిల్‌లో కలిసి బేరింగులు తినేస్తాయి. దానికి పెయింట్ రిమూవర్, ఎమరీ పేపరే గతి. పెయింట్ త్వరగా ఊడుతుందని కాస్టిక్ సోడా పోసేవాళ్లున్నారు, అది అల్యూమినియాన్నే కరిగిస్తుంది.

శుభ్రమైందో లేదో తేల్చడానికి నీళ్లే చాలు. భాగం మీద నీళ్లు పోస్తే పల్చటి పొరలా అంతటా పరుచుకోవాలి. ఎక్కడైనా చెదిరి ముత్యాల్లా నిలిస్తే అక్కడ జిడ్డు ఉన్నట్టే. అసిటోన్‌తో, నూలు రాలని బట్టతో మళ్లీ తుడవండి. ఆ తర్వాత ఒట్టి చెయ్యి తగలకూడదు, వేలిముద్ర కూడా బొబ్బగా లేస్తుంది. డ్యాష్‌బోర్డుకు కొట్టే సిలికాన్ పాలిష్ స్ప్రే అదే షెడ్డులో వాడి ఉంటే కోటింగ్‌లో చేపకళ్లలాంటి గుంటలు పడతాయి. కంప్రెసర్ ఆయిల్ గాలిలోకి వస్తున్నా ఇదే జబ్బు. ఇనుప భాగమైతే తుడిచిన నీళ్ల చెమ్మ వేడిగాలితో వెంటనే ఆరబెట్టి, ఆ రోజే కోటింగ్ వేయాలి. తీరప్రాంతపు గాలికి బ్లాస్ట్ చేసిన ఇనుము గంటల్లోనే ఎర్రబారుతుంది. షాపుల్లో సెవెన్ ట్యాంక్ ప్రాసెస్ పెట్టుకున్నది ఇందుకే. జిడ్డు తీయడం, తుప్పు తీయడం, ఫాస్ఫేటింగ్ (లోహానికి రక్షణ పొర ఎక్కించడం), మధ్యమధ్య నీళ్లతో కడగడం అన్నీ వరసగా జరిగిపోతాయి. ఇంట్లో జింక్ ఫాస్ఫేట్ ద్రావణం బ్రష్‌తో పూసి కడిగి ఆరబెట్టుకోవచ్చు, తుప్పు పాకకుండా అది బాగా కాపాడుతుంది.

పోత లోహాన్ని పొడి వేయకముందే ఒకసారి ఒట్టిగా కాల్చాలి. పోత ఇనుమైనా, పోత అల్యూమినియమైనా కంటికి కనిపించని రంధ్రాల్లో పాత ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్, గాలి దాచుకుని ఉంటుంది. కోటింగ్ కాల్చే వేడి కన్నా ఎక్కువ వేడిలో, అంటే 220 నుంచి 230 డిగ్రీల్లో, ముప్పావు గంట ఉంచితే పొగ రూపంలో బయటికొస్తుంది. చల్లారాక చూస్తే కొన్నిచోట్ల తడి మచ్చలు కనిపిస్తాయి. తుడిచి మళ్లీ కాల్చండి, మచ్చలు రావడం ఆగేదాకా. ఈ మెట్టు దాటేసినవాళ్లకే ఫినిష్‌లో సూదిపోట్లు పడతాయి, నింద మాత్రం పొడి మీదికి పోతుంది.

మాస్కింగ్ ఆ తర్వాతే. పిస్టన్ బోరు, బ్లీడర్ కూర్చునే చోటు, బ్రేక్ హోస్ వాషరు ఆనే ముఖం, గైడ్ పిన్ను రంధ్రాలు, బ్రేక్ ప్యాడ్లు జారే గాడులు, చక్రాన్ని మోసే నకుల్‌కు బిగించే ముఖం, మరలున్న ప్రతి రంధ్రం. వీటిలో దేనికీ పొడి అంటకూడదు. ప్యాడ్ గాడిలో 70 మైక్రాన్లు పడినా ప్యాడ్ బిగుసుకుని చక్రాన్ని పట్టేస్తుంది. రంధ్రాలకు సిలికాన్ బిరడాలు, చదునుగా ఉన్నచోట ఆకుపచ్చ పాలియెస్టర్ టేపు. మామూలు మాస్కింగ్ టేపు ఓవెన్‌లో మాడి జిగురు వదులుతుంది. పదునైన అంచులను ఎమరీతో కొంచెం గుండ్రం చేయండి. కరిగిన పౌడర్ పదును మీద నిలవక పల్చబడుతుంది, పెచ్చు లేవడం అక్కడే మొదలవుతుంది.

ఎర్త్ దగ్గర బద్ధకించొద్దు. గన్నులోంచి వచ్చే చార్జి ఉన్న రేణువును భాగం దాకా లాగేది ఎర్తే. గోడ సాకెట్‌లో మూడో పిన్నును నమ్ముకోకుండా నేలలో రాగి పూత రాడ్డు ఒకటి దింపి, దాన్నించి తీగ నేరుగా భాగానికో, నున్నటి హ్యాంగర్ వైరుకో తగిలించండి. మల్టీమీటర్‌తో భాగానికీ ఎర్త్‌కూ మధ్య చూస్తే ఒక మెగాఓం లోపు ఉండాలి, ఎంత తక్కువుంటే అంత మంచిది. పోయినసారి వాడిన హుక్కు మీద ఉడికిన పౌడర్ ఉంటే అది ఇన్సులేటరే, ఆకురాయితో గీకండి. గన్ను పట్టుకున్న మనిషికి కూడా ఎర్త్ ఉండాలి కాబట్టి మందపాటి రబ్బరు గ్లౌజులు వద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ గన్ను ముట్టుకోకూడదు.

మొదటి పొర సిల్వర్. గన్ను 15, 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని ముందు లోపలి మూలలు, తర్వాత అంచులు, చివర చదును. మూలల్లోకి పొడి వెళ్లదు, ఎందుకంటే విద్యుత్ క్షేత్రం దగ్గరగా ఉన్న అంచుల మీదే ఆగిపోతుంది. అప్పుడు అందరూ వోల్టేజీ పెంచుతారు, దాంతో ఇంకా చెడుతుంది. వోల్టేజీ తగ్గించి, గాలి కొంచెం తగ్గించి, గన్ను కోణం మార్చి చూడండి. లోహం కనిపించకుండా సమంగా కప్పగానే ఆపేయాలి. ఎక్కువైతే కాల్చాక బత్తాయి తొక్కలా ఉబ్బెత్తుగా వస్తుంది. ఓవెన్ చాలా నెమ్మదిగా వేడెక్కినా అదే బత్తాయి తొక్క, అందుకే ఓవెన్‌ను ముందే వేడి చేసి పెట్టుకుని భాగాన్ని పెట్టాలి.

క్యాండీ కిందికి వెళ్లే సిల్వర్‌ను పూర్తిగా ఉడికించకూడదు. పొడి కరిగి, పారి, నునుపుగా మెరిసే స్థితికి రాగానే తీసేయాలి. ఎంతసేపన్నది డేటాషీట్‌లో సగం క్యూర్ (సగం ఉడకడం) అని ఇస్తారు, లేకపోతే టెస్ట్ రేకు మీద చూసుకోవాలి. పూర్తిగా ఉడికిన పొరకు పై పొర సరిగ్గా పట్టదు. బాగా చల్లారనివ్వండి. వేడిగా ఉన్నప్పుడే క్యాండీ కొడితే పొడి తగిలినచోటే కరిగి దిగబడుతుంది, మందం చేతిలో ఉండదు. క్యాండీకి మందమే రంగు. 50 మైక్రాన్ల దగ్గర యాపిల్ ఎరుపులా ఉన్నది 80 దగ్గర ముదురు ద్రాక్ష రంగుకు వెళ్తుంది.

రెండో పొరకు వోల్టేజీ తగ్గించి, గన్ను 25 సెంటీమీటర్ల దూరానికి జరపండి. కింద అప్పటికే ఇన్సులేటర్ లాంటి పొర ఉంది కదా, చార్జి భూమిలోకి పోలేక పేరుకుని వెనక్కి చిమ్ముతుంది. పొడి మీద నక్షత్రాల్లాంటి చిన్న గుంటలు కనిపిస్తే ఇదే కారణం. వెంటనే ఆపి, గాలితో ఊదేసి, మళ్లీ మొదలుపెట్టాలి. కాల్చకముందు దిద్దుకోవడం ఎంత తేలికో కాల్చాక అంత కష్టం. కుడి కాలిపర్‌కు ఎన్నిసార్లు గన్ను తిప్పారో లెక్కపెట్టుకుని ఎడమదానికీ అన్నే తిప్పండి. రెండు రంగులు తేడాగా వచ్చిన కాలిపర్లు బండి మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆఖరి కాల్పు మాత్రం డేటాషీట్ ప్రకారం పూర్తిగా, లోహం వేడి లెక్కన. టేపు, బిరడాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే లాగేయండి, పూర్తిగా చల్లారితే అంచు చిరుగుతుంది.

ఉడికిందో లేదో భాగంతో పాటు కాల్చిన టెస్ట్ రేకు మీద చూడండి. ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) ద్రావణంలో తడిపిన గుడ్డతో 50 సార్లు ముందుకూ వెనక్కూ రుద్దితే రంగు గుడ్డకు అంటకూడదు, మెరుపు మరీ చావకూడదు. బ్లేడుతో చిన్న గళ్లు గీసి టేపు అంటించి లాగితే పెచ్చులు రాకూడదు. పెచ్చులొస్తే ఎక్కువసార్లు శుభ్రం చేయడంలోనే లోపం. రంగు గుడ్డకు వస్తే ఉడకలేదని అర్థం, మళ్లీ ఓవెన్‌లో పెట్టొచ్చు.

బిగించేటప్పుడు పాత సీలు వాడొద్దు, కొత్త సీల్ కిట్, బ్రేక్ అసెంబ్లీ గ్రీజు, కొత్త డబ్బా బ్రేక్ ఫ్లూయిడ్ తెచ్చుకోండి. ఫ్లూయిడ్ చుక్క కోటింగ్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. బ్లీడింగ్ (బ్రేకు గొట్టాల్లోని గాలి తీయడం) అయ్యాక పెడల్ గట్టిగా నిలిచి, ఎక్కడా కారడం లేదని మెకానిక్ ఎవరైనా చూసేదాకా బండి రోడ్డెక్కించొద్దు. శ్రీశైలం ఘాట్ లాంటిచోట గేరు మీద కాకుండా బ్రేకు తొక్కుకుంటూ దిగే అలవాటుంటే క్యాండీ జోలికి పోకండి. ఆ వేడికి పారదర్శకపు రంగు ముందుగా మాసిపోతుంది, నల్లటి 9005 అయితే అంత త్వరగా మాసినట్టు కనిపించదు. పని చెడిపోతే పై నుంచి మూడో పొర, నాలుగో పొర వేస్తూ పోవద్దు. పొరలు మందమైన కొద్దీ చిన్న దెబ్బకే పగులుతాయి. రిమూవర్‌తో లోహం దాకా తీసేసి, ఒట్టి కాల్పు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి.